నమూనా మీది మరక: చరిత్ర ఆధారంగా సూక్ష్మ ప్రతిరూపాలు

శాసనాలు, నాణేలు, కట్టడాలు చరిత్రకు ఆధారాలని మీకు తెలుసు. ఈ భాగంలో అంతగా చర్చకు రాని మరో ఆధారాన్ని పరిశీలిద్దాం. అది సూక్ష్మ నమూనా, అంటే అసలు వస్తువును నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి చేసిన ప్రతిరూపం.

పెండన్ మ్యూజియం

రాయ్ ఇంగ్లండ్ అనే యువకుడు 1925లో ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండ్‌కు వచ్చాడు. అక్కడి వేల్ ఆఫ్ వైట్ హార్స్ లోయలోని పల్లెలు ఆయనను ఆకట్టుకున్నాయి. అయితే పాత గడ్డికప్పు ఇళ్లు ఒక్కొక్కటిగా రూపు మారిపోతున్న కాలమది. ఇళ్లను ఆపలేకపోయినా వాటి రూపాన్ని నిలపవచ్చునని భావించి, ఆయన నమూనాల తయారీకి పూనుకున్నాడు. 1954లో లాంగ్ విట్టెన్‌హామ్ గ్రామంలో పెండన్ మ్యూజియం వెలసింది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలపు ఇళ్లు, గ్రేట్ వెస్టర్న్ రైల్వే బండ్లు అక్కడ అడుగుకు 4 మిల్లీమీటర్ల చొప్పున, అంటే సుమారు 1:76 నిష్పత్తిలో కనిపిస్తాయి. ఈ లెక్కన 16 అడుగుల ఎత్తున్న ఇల్లు 64 మిల్లీమీటర్లకు తగ్గి అరచేతిలో ఇముడుతుంది.

మరకకు కారణం

కొలతలు సరిపోయినంత మాత్రాన నమూనా పూర్తి కాదు. వాడిన వస్తువుకు ఎండావానల గుర్తులు ఉంటాయి. వాటిని నమూనాపై చూపడాన్ని వెదరింగ్ అంటారు. పల్చని రంగునీళ్లు పూసి పైభాగాన్ని తుడిస్తే, పలకల సందుల్లో మాత్రమే మురికి మిగులుతుంది. దాదాపు ఆరిన కుంచెను అంచులకు తాకిస్తే అరుగుదల కనిపిస్తుంది.

ఇక్కడ మీరు గమనించవలసింది ఒకటుంది. ప్రతి మరకకూ కారణం ఉండాలి. చూరునీళ్లు చిందే చోట గోడ అడుగున నాచు పడుతుంది. పొగగొట్టం చుట్టూ మసి చేరుతుంది. బొగ్గు వ్యాగన్ లోపలి చెక్క రాపిడికి అరుగుతుంది. బ్రేకుల నుంచి రాలిన ఇనుపరజను చక్రాల దగ్గర తుప్పురంగు పూస్తుంది. అందం కోసం అంతటా ఒకే మురికి పులిమితే అది అబద్ధపు సాక్ష్యమవుతుంది. అందుకే నిజాయితీ గల నమూనాకారుడు పాత ఫొటోలు, కొలతలు ముందు పెట్టుకొని చరిత్రకారుడిలాగే కార్యకారణ సంబంధాన్ని వెతుకుతాడు.

నమూనా చెప్పలేనిది

అయితే నమూనాకు పరిమితులున్నాయి. వంగిన గోడ, నాచు పట్టిన కప్పు మన కంటికి ముచ్చటగా తోస్తాయి. 1921లో బ్రిటిష్ ప్రభుత్వం ధాన్యం ధరలకు ఇచ్చిన హామీనీ, వ్యవసాయ కూలీల వేతన బోర్డునూ రద్దు చేసింది. కూలి రేట్లు బాగా పడిపోయాయి. బాగుచేయించని ఇంట్లో చెమ్మగోడల మధ్య బతికిన కుటుంబం బాధ ఆ నమూనాలో కనిపించదు. గోడ ఎలా వంగిందో నమూనా చూపుతుంది. ఎందుకు అలాగే ఉండిపోయిందో పత్రాలు చెప్పాలి. కాబట్టి నమూనాను ఇతర ఆధారాలతో కలిపి చదవండి.

అభ్యాసం

నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిన లోయ నమూనా నాగార్జునకొండ మ్యూజియంలో ఉంది. వీలైతే చూడండి. ఆ లోయ గురించి అది చెప్పే రెండు విషయాలు, చెప్పలేని రెండు విషయాలు రాయండి.