ఆయుష్మాన్ వయ వందన

ఆయుష్మాన్ వయ వందన భారత ప్రభుత్వం 70 సంవత్సరాలు నిండిన పౌరుల కొరకు ఏర్పరచిన ఆరోగ్య రక్షణ సదుపాయం. ఇది ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనలో భాగం. 2024 సెప్టెంబరు 11న కేంద్ర మంత్రివర్గం దీనిని ఆమోదించగా, అదే సంవత్సరం అక్టోబరు 29న, ధన్వంతరి జయంతి సందర్భంగా, ప్రధానమంత్రి నరేంద్ర మోడీ న్యూఢిల్లీలో ప్రారంభించాడు. ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు సంవత్సరానికి 5 లక్షల రూపాయల వరకు రక్షణ లభిస్తుంది. సుమారు 4.5 కోట్ల కుటుంబాలలోని 6 కోట్ల మంది వృద్ధులకు ఇది వర్తించగలదని ఆమోదం నాటి అంచనా.

మన దేశంలోని ప్రభుత్వ ఆరోగ్య పథకాలు చాలా వరకు కుటుంబాన్ని ఒకటిగా లెక్కిస్తాయి. ఇంటిలోని ఒక మనిషిని కేవలం వయస్సును బట్టి వేరుగా లెక్కించడం ఈ సదుపాయంలోని విశేషం. అమెరికాలో 65 సంవత్సరాలు నిండినవారికి వర్తించే మెడికేర్ పథకం కూడా ఇట్టిదే. ఇంటి పెద్ద ఇటువంటి పథకంలోకి మారినపుడు భార్య, పిల్లలు, కోడళ్ళు, మనుమల రక్షణ ఏమవుతుందనే ప్రశ్న రెండు చోట్లా తలెత్తుతుంది. ఈ వ్యాసంలో కామారెడ్డి జిల్లా డోంగ్లి ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ విషయం వివరించబడినది.

నేపథ్యం

2008లో ప్రారంభమైన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన క్రింద పేద కుటుంబానికి సంవత్సరానికి 30,000 రూపాయల రక్షణ ఉండేది. అయితే కుటుంబంలో ఐదుగురికి మాత్రమే చోటు. ఇంటి యజమాని, భార్య, ముగ్గురు ఆధారపడినవారు నమోదైతే లెక్క పూర్తి అయ్యేది. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో తాత, నాయనమ్మలకు స్థానం దొరకడం కష్టం. ఎక్కువ వైద్యం అవసరమైనవారే జాబితా వెలుపల మిగిలిపోవడం ఆ పథకంలోని పెద్ద లోపమని చెప్పవచ్చు. 2016 ఏప్రిల్ నుండి 60 సంవత్సరాలు దాటిన లబ్ధిదారులకు అదనంగా 30,000 రూపాయలు కల్పించారు. వృద్ధులకు విడిగా పైమొత్తం ఇవ్వాలనే ఆలోచన అప్పుడే ఆచరణలోకి వచ్చింది.

ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న ముఖ్యమంత్రి వై.యస్.రాజశేఖరరెడ్డి ఆరోగ్యశ్రీ పథకాన్ని మొదట మహబూబ్ నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభించాడు. 2008లో అది రాష్ట్రమంతటా విస్తరించింది. తెల్ల రేషను కార్డు కలిగిన కుటుంబానికి లక్షన్నర రూపాయలు, అవసరమైతే మరో 50,000 రూపాయలు లభించేవి. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో ఆరోగ్యశ్రీ కొనసాగింది. 2021లో రాష్ట్రం ఆయుష్మాన్ భారత్ లో చేరింది. 2023 డిసెంబరు 9 నుండి ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచబడినది. 2024లో చికిత్సల సంఖ్య 1,672 నుండి 1,835కు పెరిగింది.

ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన 2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రారంభమైనది. ఇందులో కుటుంబ సభ్యుల సంఖ్యకు గాని, వయస్సుకు గాని పరిమితి లేదు. కాని 2011 నాటి సామాజిక ఆర్థిక కుల గణనలో పేరు ఉండాలి. ఆ జాబితాలో లేని మధ్యతరగతి వృద్ధులు, చిన్న రైతులు, పింఛను లేని ప్రైవేటు ఉద్యోగులు చాలాకాలం ఎటూ చెందకుండా ఉండిపోయారు. 2024 నాటి మార్పు ప్రధానంగా ఉద్దేశించినది వీరినే.

అర్హత, నమోదు

అర్హతకు వయస్సు ఒక్కటే ఆధారం. ఆ వయస్సును ఆధార్ కార్డులోని పుట్టిన తేదీని బట్టి నిర్ణయిస్తారు. ఈ నియమం కాగితం మీద సరళంగా కనిపిస్తుంది. అయితే పల్లెలలోని పాత తరం వారిలో జనన నమోదు ఉన్నవారు అరుదు. ఆధార్ నమోదు సమయంలో ఉజ్జాయింపుగా చెప్పిన సంవత్సరమే చాలామందికి స్థిరపడిపోయినది. నిజానికి 72 సంవత్సరాలున్న వ్యక్తి కార్డులో 67 సంవత్సరాల వాడైతే, అతడు మరో మూడు సంవత్సరాలు వేచి ఉండవలసినదే. ఆధార్ లో పుట్టిన తేదీని సాధారణంగా ఒక్కసారే సవరించుకోవచ్చు, అందుకు తగిన పత్రం కావాలి. కనుక వృద్ధులున్న ఇంటివారు జబ్బు చేయక ముందే ఈ తేదీని సరిచూసుకొనుట మేలు.

నమోదు ఆయుష్మాన్ యాప్ ద్వారా గాని, జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ వెబ్ సైటు ద్వారా గాని జరుగుతుంది. ఇంతకుముందే ఆయుష్మాన్ కార్డు ఉన్నవారు కూడా 70 నిండిన తరువాత మరల దరఖాస్తు చేసి ఈ ప్రత్యేక కార్డు తీసుకోవాలి. పాత జబ్బులకు నిరీక్షణ కాలం లేదు, మొదటి రోజు నుండే వర్తిస్తుంది. ప్రైవేటు బీమా పాలసీ ఉన్నవారు, ఇ.ఎస్.ఐ. క్రింద ఉన్నవారు దానిని వదులుకోనవసరం లేదు. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం, మాజీ సైనికుల పథకం, కేంద్ర సాయుధ పోలీసు బలగాల ఆయుష్మాన్ పథకంలో ఉన్నవారు మాత్రం రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి.

మిగిలిన కుటుంబం

ఒక ఇంటిలో 72 సంవత్సరాల తండ్రి, 66 సంవత్సరాల తల్లి, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు ఉన్నారనుకుందాం. ఆ కుటుంబం ఇదివరకే జన ఆరోగ్య యోజనలో ఉంటే తండ్రికి అదనంగా 5 లక్షలు లభిస్తాయి. ఆ మొత్తాన్ని 70 లోపు వారితో పంచుకోనవసరం లేదు. అంటే ఆయన గుండె శస్త్రచికిత్సకు కుటుంబపు పరిమితి ఖర్చు కాదు, అది మనుమలకు అట్లే మిగిలి ఉంటుంది. కుటుంబం ఆ పథకంలో లేనిచో తండ్రికి మాత్రమే 5 లక్షల రక్షణ కలుగుతుంది. నాలుగు సంవత్సరాల తరువాత తల్లికి 70 నిండినపుడు ఆ 5 లక్షలు ఇద్దరూ పంచుకోవాలి, ఒక్కొక్కరికి విడివిడిగా రావు. ఈ చివరి అంశాన్ని చాలామంది గమనించరు.

ఆ నాలుగు సంవత్సరాలూ తల్లి పరిస్థితియే అసలు సమస్య. మన ఇళ్ళలో భర్త కంటే భార్య కొన్ని ఏళ్ళు చిన్నదై ఉండడం సాధారణం. తండ్రికి కార్డు వచ్చినదని కుటుంబ పాలసీని పూర్తిగా మానివేస్తే, మోకాళ్ళ నొప్పులు, మధుమేహం ఉన్న ఆమె ఏ రక్షణా లేకుండా పోతుంది.

డోంగ్లి ప్రాంతం

డోంగ్లి కామారెడ్డి జిల్లా బాన్సువాడ రెవెన్యూ డివిజనులోని గ్రామం. పూర్వం మద్నూర్ మండలంలో ఉండేది, 2022లో ప్రత్యేక మండల కేంద్రమైనది. 2016 అక్టోబరు 11కు ముందు ఈ ప్రాంతమంతా నిజామాబాదు జిల్లాలో భాగం. మహారాష్ట్ర సరిహద్దున ఉండుటచే ఇక్కడ తెలుగుతో పాటు మరాఠీ కూడా వినిపిస్తుంది. సరిహద్దుకు ఇరువైపులా బంధుత్వాలు సహజం.

వైద్యం విషయంలో ఈ సరిహద్దు ముఖ్యమైనది. ఇక్కడివారికి ఒకవైపు బాన్సువాడ, నిజామాబాదు, హైదరాబాదు, మరొకవైపు నాందేడ్ జిల్లాలోని దెగ్లూర్, నాందేడ్ పట్టణాలు ఉన్నాయి. ఆరోగ్యశ్రీ రాష్ట్ర పథకం, తన జాబితాలోని ఆసుపత్రులలోనే పనిచేస్తుంది. ఆయుష్మాన్ కార్డు మాత్రం దేశంలో పథకం అమలులో ఉన్న ఏ రాష్ట్రంలోనైనా, జాబితాలో ఉన్న ఆసుపత్రిలో చెల్లుతుంది. అందువలన ఒకే ఇంటిలో తాత నాందేడ్ లో కార్డుపై చికిత్స పొందగలిగినా, ఆరోగ్యశ్రీ మాత్రమే ఉన్న కొడుకు అక్కడ సొంత డబ్బు కట్టవలసి రావచ్చు. తాతకు చూపించిన ఆసుపత్రికే కొడుకునూ తీసుకొనిపోవడం సహజమైన అలవాటు, కాని ఎవరి కార్డు ఎక్కడ చెల్లుతుందో బయలుదేరక ముందే అడిగి తెలుసుకోవాలి. ఆయుష్మాన్ భారత్ సహాయ కేంద్రం నంబరు 14555. ఆరోగ్యశ్రీ ఆసుపత్రులలో ఆరోగ్యమిత్రలు ఈ వివరాలు చెబుతారు.

ప్రైవేటు పాలసీ ఉన్న కుటుంబాలు

హైదరాబాదు, పుణె వంటి నగరాలలో ఉద్యోగం చేస్తున్న పిల్లలు ఊరిలోని తల్లిదండ్రులను కూడా కలిపి ఫ్లోటర్ పాలసీ తీసుకోవడం పెరిగినది. ఫ్లోటర్ అనగా కుటుంబమంతటికీ కలిపి ఒకే మొత్తం. దీని ప్రీమియం సాధారణంగా అందరిలో పెద్దవాని వయస్సును బట్టి ఉంటుంది. తండ్రిని అందులో నుండి తొలగిస్తే మిగిలినవారి ప్రీమియం తగ్గవచ్చు. కాని తొందరపడరాదు. పాలసీ నుండి ఒకసారి బయటకు వచ్చిన వృద్ధుడు తిరిగి చేరవలెనంటే కొత్తవానిగానే లెక్కింపబడతాడు, పాత జబ్బులకు నిరీక్షణ కాలం మరల మొదటికి వస్తుంది. 2024 నాటి నియమాల ప్రకారం ఈ నిరీక్షణ గరిష్ఠంగా మూడు సంవత్సరాలు. పైగా ఖరీదైన ప్రైవేటు ఆసుపత్రులన్నీ ఆయుష్మాన్ జాబితాలో ఉండవు.

పాలసీ తండ్రి పేరుననే ఉంటే మరింత జాగ్రత్త అవసరం. ఆయన పేరు తీసివేయమని కోరాలే తప్ప పాలసీని రద్దు చేయమని వ్రాయకూడదు. రద్దయితే అందరూ అప్పటివరకు గడిపిన సంవత్సరాల ప్రయోజనం కోల్పోతారు. వేరే కంపెనీకి మారదలచినవారు 2011 అక్టోబరు నుండి అమలులో ఉన్న పోర్టబిలిటీ నియమాన్ని వినియోగించుకోవచ్చు, గడిచిన కాలం కొత్త పాలసీలో లెక్కకు వస్తుంది. ఉద్యోగి కంపెనీ ఇచ్చిన గ్రూపు బీమాలో తల్లిదండ్రులుంటే, ఉద్యోగం మానక ముందే అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే అవకాశాన్ని విచారించాలి.

ఇటీవలి మార్పులు కొన్ని వృద్ధులకు అనుకూలమైనవి. 65 దాటినవారికి కొత్త పాలసీ ఇవ్వనవసరం లేదనే పాత పద్ధతి 2024లో తొలగిపోయింది. 2025 జనవరిలో బీమా నియంత్రణ సంస్థ, వయోవృద్ధుల ప్రీమియాన్ని సంవత్సరానికి 10 శాతానికి మించి పెంచదలచిన కంపెనీలు తనను ముందుగా సంప్రదించాలని ఆదేశించింది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి రద్దయినది.

అమెరికాలోని తెలుగువారు, మెడికేర్

మెడికేర్ చట్టంపై అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965 జూలై 30న సంతకం చేశాడు. మరుసటి సంవత్సరం జూలై 1 నుండి అమలైనది. ఇది వ్యక్తికి మాత్రమే, కుటుంబానికి కాదు. పదేళ్ళు పన్ను చెల్లిస్తూ పనిచేసినవారికి, వారి అర్హులైన జీవిత భాగస్వామికి 65వ ఏట ఆసుపత్రి భాగం ప్రీమియం లేకుండా లభిస్తుంది. వైద్యుల సేవల భాగానికి నెలనెలా చెల్లించాలి.

2010 నాటి చట్టం ద్వారా ఏర్పడి, 2014 నుండి రక్షణ కల్పిస్తున్న మార్కెట్ ప్లేసులో కుటుంబ ప్లాను కొనుక్కున్న స్వయం ఉపాధి తెలుగువారికి 65వ పుట్టినరోజు ఒక మలుపు. పుట్టిన నెలకు మూడు నెలల ముందు నుండి మూడు నెలల తరువాత వరకు, మొత్తం ఏడు నెలలు నమోదు గడువు. మార్కెట్ ప్లేసు ప్లాను ఉన్నదని ఆలస్యం చేస్తే, వైద్య సేవల భాగం ప్రీమియంపై ఆలస్యమైన ప్రతి పూర్తి సంవత్సరానికి 10 శాతం శాశ్వత జరిమానా పడుతుంది. మెడికేర్ మొదలైనంత మాత్రాన పాత ప్లాను తనంతట తాను ఆగిపోతుందని అనుకోరాదు. సభ్యుడే తన పేరు తొలగించమని తెలియజేయాలి, భార్యాపిల్లలు అదే ప్లానులో కొనసాగుతున్నారని స్పష్టం చేసుకోవాలి. ఉచిత ఆసుపత్రి భాగానికి అర్హత వచ్చిన తరువాత అతని వాటా పన్ను రాయితీ చెల్లదు, పొందితే తిరిగి కట్టాలి. 2026 పన్ను సంవత్సరం నుండి ఈ తిరిగి చెల్లింపునకు ఉండిన గరిష్ఠ పరిమితి కూడా తొలగిపోయింది. భార్యాపిల్లలకు రాయితీ కొనసాగవచ్చు. అయితే దానిని లెక్కించునపుడు మెడికేర్ లో చేరిన భర్త ఆదాయం కూడా కలుస్తుంది.

పిల్లల ద్వారా గ్రీన్ కార్డు పొంది వెళ్ళిన తల్లిదండ్రుల సంగతి వేరు. వారు అమెరికాలో పనిచేసి ఉండరు కనుక, ఐదు సంవత్సరాలు ఎడతెగక నివసించిన తరువాతనే మెడికేర్ ను ప్రీమియం చెల్లించి కొనుక్కోగలరు. అప్పటివరకు మార్కెట్ ప్లేసు ప్లానులే వారికి ముఖ్య ఆధారం. సందర్శక వీసాపై వెళ్ళినవారికి ఇవేవీ వర్తించవు. మెడికేర్ సాధారణంగా అమెరికా వెలుపల చికిత్సకు చెల్లించదు. కనుక సంవత్సరంలో కొన్ని నెలలు స్వగ్రామంలో గడిపే విశ్రాంత జీవులు ఆ కాలానికి భారతదేశంలో వేరుగా రక్షణ చూసుకోవాలి.

పరిమితులు

ఆయుష్మాన్ వయ వందన ఆసుపత్రిలో చేరిన చికిత్సకే పరిమితం. చేరుటకు ముందు మూడు రోజులు, తరువాత పదిహేను రోజుల ఖర్చులు కలుస్తాయి. రక్తపోటు, మధుమేహం మాత్రలు, ప్రతినెలా వైద్యుని వద్దకు వెళ్ళే ఖర్చు ఇందులోకి రావు. వృద్ధుల ఇంటి ఖర్చులో నిత్యం బరువుగా ఉండేది ఇదే. దీనికి ఇప్పటికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ప్రభుత్వ ఆసుపత్రులలోని ఉచిత మందులు, జన ఔషధి దుకాణాలు మాత్రమే ఆధారం.