బంగారం అయిపోయాక మిగిలిన ఊరు

న్యూజీలాండ్‌లో సెలవులంటే చాలామందికి సముద్రతీరమో, మంచుకొండలో గుర్తుకొస్తాయి. మా ఇంట్లో మాత్రం కొన్నేళ్ళుగా ఆరోటౌన్ పేరే వినిపిస్తుంది. దక్షిణ దీవిలో, ఒటాగో ప్రాంతంలో, క్వీన్స్‌టౌన్‌కు సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో, ఆరో అనే చిన్న ఏటి ఒడ్డున ఉన్న పాత బంగారు గనుల ఊరు ఇది. ప్రధాన వీధి ఒక్కటే. దాని పేరు బకింగ్‌హామ్ వీధి. తీరిగ్గా నడిచినా ఆ వీధి తొందరగానే అయిపోతుంది. అయినా వెళ్ళిన ప్రతిసారీ అక్కడ తెలుసుకోవలసింది ఇంకా కొంత మిగిలే ఉంటుంది.

ఈ సభలకు వచ్చిన మన తెలుగువారికి ఆ ఊరి కథ చెప్పాలనిపించింది. కారణం అక్కడి బంగారం కాదు. సంపాదన కోసం పరాయిదేశం వెళ్ళినవాళ్ళలో ఎవరి పేరు నిలుస్తుంది, ఎవరి పేరు మాసిపోతుంది అనే సంగతి ఆ ఊళ్ళో తిరుగుతుంటే నాకు అర్థమైనంతగా ఏ పుస్తకం చదివినా అర్థం కాలేదు.

చూసింది ఒకరు, పేరు ఇంకొకరిది

1862లో విలియం రీస్ అనే గొర్రెల ఆసామి దగ్గర ఉన్ని కత్తిరించే పనిచేసే జాక్ టేవా అనే మావోరీ యువకుడు ఆరో ఏటి ఇసుకలో బంగారు రేణువులు చూశాడు. మావోరీలు తరతరాలుగా విలువనిచ్చింది పౌనాము అనే ఆకుపచ్చ రాయికి. పసుపుపచ్చ లోహంతో వారికి పెద్దగా పనిలేదు. టేవా నోటిమాట తెల్లవారి చెవిన పడింది. విలియం ఫాక్స్ అనేవాడు తన మనుషులతో కొన్ని వారాలు గుట్టుచప్పుడు కాకుండా తవ్వుకున్నాడు. గుట్టు బయటపడేసరికి జనం వేలల్లో వచ్చిపడ్డారు. ఊరికి మొదట 'ఫాక్స్' అని అతని పేరే పెట్టుకున్నారు. 1863 జనవరిలో సాయుధ రక్షణతో బయలుదేరిన మొదటి బండి 12,000 ఔన్సుల బంగారం తీసుకెళ్ళిందంటారు. మన పాత లెక్కలో అది 32,000 తులాలు!

ఆ బంగారం తీయడానికి మొదట్లో పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. మన ఇళ్ళలో అమ్మమ్మలు బియ్యం గాలించి రాళ్ళు వేరుచేసేవారు కదా, సరిగ్గా అదే పద్ధతి. పళ్ళెంలో ఇసుక, నీళ్ళు పోసి గుండ్రంగా తిప్పుతుంటే తేలికైన ఇసుక నీటితో పోతుంది, బరువైన బంగారం అడుగున నిలుస్తుంది. ఇప్పటికీ సెలవులకు వచ్చిన పిల్లలు ఏటిలో మోకాలిలోతున నిలబడి ఇసుక గాలిస్తూ కనిపిస్తారు. మా పిల్లలకు మొదటిసారి అలా గాలించడం నేర్పింది వాళ్ళ నాయనమ్మే. ఆవిడకు గైడు అవసరం రాలేదు!

దారిలో తగిలే మనవాడు

డునేడిన్ నుండి ఆరోటౌన్‌కు కారులో వెళితే మిల్టన్, లారెన్స్ అనే ఊళ్ళ మీదుగా వెళ్ళాలి. ఒటాగో బంగారం కథ మొదలైంది ఆరోటౌన్‌లో కాదు, ఈ దారిలోనే. 1861 మేలో గేబ్రియల్ రీడ్ అనే ఆస్ట్రేలియా నుండి వచ్చిన వ్యక్తి లారెన్స్ దగ్గర లోయలో బంగారం కనుక్కున్నాడని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. ఆ లోయకు గేబ్రియల్స్ గల్లీ అని అతని పేరే ఉంది. ప్రభుత్వం అతనికి 1,000 పౌండ్ల బహుమానం ఇచ్చింది.

అయితే అంతకు మూడు నాలుగేళ్ళ ముందే ఆ ప్రాంతంలో బంగారం చూసినవాడు ఒకడున్నాడు. అతని పేరు ఎడ్వర్డ్ పీటర్స్. బొంబాయి ప్రాంతం నుండి వచ్చిన భారతీయుడు. అందరూ అతన్ని 'బ్లాక్ పీటర్' అని పిలిచేవారు. 1850లలో ఇక్కడికి చేరి, పొలాల్లో కూలిపని చేసుకుంటూ, తీరిక వేళల్లో ఏటి ఇసుక గాలించేవాడు. బంగారం దొరికే చోటు గురించి అతను దాచుకోలేదు, నలుగురికీ చెప్పాడు. బహుమానం మాత్రం అతనికి రాలేదు. 1885లో, ముసలితనంలో ఉన్న అతని కోసం ప్రజలు చందాలు పోగుచేస్తే, దానికి సమానంగా ప్రభుత్వం 50 పౌండ్లు ఇచ్చింది. 1893లో డునేడిన్‌లో, దిక్కులేనివారిని ఉంచే ధర్మాశ్రమంలో కన్నుమూశాడు.

బంగారు పళ్ళేనికైనా గోడ చేర్పు కావాలని మన పెద్దలు ఊరికే అనలేదు. పీటర్స్‌కు ఆ చేర్పు దొరకడానికి ఒకటిన్నర శతాబ్దం పట్టింది. 2009లో మిల్టన్ దగ్గర గ్లెనోర్ ప్రాంతంలో అతనికి స్మారకచిహ్నం వెలసింది. దాన్ని ఆవిష్కరించింది అప్పటి గవర్నర్ జనరల్ సర్ ఆనంద్ సత్యానంద్. ఫిజీ భారతీయ కుటుంబానికి చెందిన ఆయన ఆ పదవిని చేపట్టిన మొదటి భారత సంతతి వ్యక్తి. ఆ దారిన వెళ్ళేటప్పుడు మేము అక్కడ కారు ఆపకుండా ముందుకు వెళ్ళం.

ఏటి అంచున గుడిసెలు

ఆరోటౌన్ వీధి చివర, ఏటి పక్కన, కొండరాయికి ఆనించి కట్టిన చిన్న చిన్న గుడిసెలు ఉన్నాయి. మన పశువుల కొట్టాలు వాటికంటే విశాలంగా ఉంటాయి. అవి చైనా గని కార్మికుల నివాసాలు. తెల్ల కార్మికులు కొత్త గనులు వెతుక్కుంటూ పశ్చిమతీరానికి వెళ్ళిపోతే, మిగిలిన ఇసుకను మళ్ళీ గాలించడానికి 1860ల మధ్యలో డునేడిన్ వ్యాపారులే చైనీయులను ఆహ్వానించారు. పిలిచి తెచ్చినవాళ్ళను ఊరి మధ్యలో ఉండనివ్వలేదు. 1881 నాటికి దేశం మొత్తంలో చైనీయ పురుషులు 4,995 మంది, స్త్రీలు తొమ్మిదిమంది. ఈ ఒక్క అంకె చాలు, ఆ గుడిసెల్లో రాత్రులు ఎలా గడిచాయో ఊహించుకోవడానికి.

అదే 1881లో ఒక్కొక్క చైనీయుడి మీద 10 పౌండ్ల తలపన్ను వేశారు. 1896లో దాన్ని 100 పౌండ్లకు పెంచారు. మరే జాతివారి మీదా అలాంటి పన్ను లేదు. 1944లో గాని ఆ చట్టాన్ని రద్దు చేయలేదు. 2002 ఫిబ్రవరి 12న, చైనా కొత్త సంవత్సరం రోజున, ప్రధానమంత్రి హెలెన్ క్లార్క్ దేశం తరఫున క్షమాపణ చెప్పారు.

ఆ గుడిసెల మధ్య ఆ లుమ్ దుకాణం ఒకటి ఇప్పటికీ నిలిచి ఉంది. 1920ల దాకా అతను అక్కడ సరుకులు అమ్ముతూ, తనవాళ్ళకు దుబాసీగా, డబ్బు దాచిపెట్టే నమ్మకస్తుడుగా ఉండేవాడు. 1983లో పురావస్తు శాస్త్రజ్ఞులు ఆ చోట తవ్వకాలు జరిపారు. ఆ తర్వాత గుడిసెలను బాగుచేశారు.

ఇక్కడే ఇంకొక సంగతి చెప్పాలి. పరదేశంలో చనిపోయినవారి అస్థికలు స్వగ్రామం చేరాలని చైనీయులు చందాలు వేసుకుని, 1902లో వెంట్నార్ అనే ఓడలో 499 మంది అవశేషాలను పంపారు. ఆ ఓడ ఉత్తర దీవిలో హొకియాంగా తీరానికి దూరంగా మునిగిపోయింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఎముకలను స్థానిక మావోరీలు తమ పూర్వీకుల పక్కనే పాతిపెట్టారు. కాశీకో గోదావరికో అస్థికలు తీసుకెళ్ళే మనకు ఆ ప్రయాణం విలువ ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

గని నుండి విడిదికి

బంగారం తరిగిపోయాక ఇలాంటి ఊళ్ళు చాలావరకు మట్టిలో కలిసిపోయాయి. ఆరో ఏటి వెంట పైకి వెళితే మేస్‌టౌన్ అనే గనుల ఊరు ఉండేది. ఇప్పుడక్కడ కాపురాలు లేవు. ఆరోటౌన్ మాత్రం బతికింది. 1867లో ఊరివాళ్ళు వీధి పొడవునా నాటిన చెట్లు పెద్దవయ్యాయి. జనాభా కొన్ని వందలకు పడిపోయినప్పుడు, ఖాళీ అయిన గని కార్మికుల చిన్న ఇళ్ళను డునేడిన్, ఇన్వర్‌కార్గిల్ కుటుంబాలు సెలవుల ఇళ్ళుగా వాడుకున్నాయి. అలాంటి ఇంటిని ఇక్కడ 'క్రిబ్' అంటారు, ఉత్తరాన 'బ్యాచ్' అంటారు. సెలవులకు వచ్చేవాళ్ళు వాటిని కూలగొట్టి మేడలు కట్టలేదు కాబట్టే అవి దక్కాయి. 1948లో మొదలైన స్థానిక మ్యూజియం 1875 నాటి బ్యాంకు భవనంలో ఉంది.

మాకు ఇష్టమైన కాలం ఏప్రిల్. మనకు ఉగాది వసంతం తెస్తే, ఇక్కడ అది ఆకురాలే కాలం. ఉగాది పచ్చడి తిన్న కొద్ది రోజులకే ఆ వీధి మొత్తం పసుపుపచ్చగా మారుతుంది. ఏటిలో తరిగిన బంగారం చెట్లమీదికి ఎక్కిందా అనిపిస్తుంది.

కోలారు సంగతి

ఆ వీధిలో నడుస్తుంటే నాకు కోలారు గుర్తుకొస్తుంది. దానికి కారణం ఉంది. మావోరీ యుద్ధాల్లో పాల్గొని, న్యూజీలాండ్ నుండి బెంగుళూరు చేరిన మైకేల్ ఫిట్జ్‌గెరాల్డ్ లావెల్ అనే ఐరిష్ సైనికుడు, కోలారు బంగారం గురించి 1804 నాటి ఒక పాత వ్యాసం చదివి, 1871లో ఎడ్లబండి కట్టించుకుని అక్కడికి వెళ్ళాడు. 1875లో మైసూరు ప్రభుత్వం అతనికి తవ్వకాల హక్కు ఇచ్చింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగాక కోలారు గనులు ప్రపంచంలోని లోతైన గనుల్లో ఒకటయ్యాయి. అక్కడ పనిచేసినవాళ్ళలో తమిళులతోపాటు చిత్తూరు వైపు నుండి వెళ్ళిన తెలుగువాళ్ళూ ఎందరో ఉన్నారు. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడ్డాయి. సైనైడ్ మట్టి దిబ్బలు మిగిలాయి. బతుకుతెరువు కోసం రోజూ రైలెక్కి బెంగుళూరు వెళ్ళే జనం మిగిలారు.

లావెల్ పేరుతో బెంగుళూరులో ఖరీదైన వీధి ఒకటి ఉంది. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి రాయి పగలగొట్టిన మన తాతల పేర్లు ఏ వీధికి ఉన్నాయి? జాక్ టేవా, ఎడ్వర్డ్ పీటర్స్, ఆ లుమ్ పేర్లు ఇవాళ మనకు తెలియడానికి కారణం వాళ్ళు గొప్పవాళ్ళు కావడం కాదు. ఎవరో ఒకరు పాత కాగితాలు తిరగేసి, మట్టి తవ్వి, ఆ పేర్లు వెలికితీశారు. కొన్ని వందల మంది మిగిలిన ఊరు ఆ పని చేయగలిగింది.

మనలోనూ చాలామంది 'నాలుగేళ్ళు సంపాదించుకుని వెళ్ళిపోదాం' అనుకుని వచ్చినవాళ్ళమే. ఆ చైనీయులూ అలాగే అనుకున్నారు. న్యూజీలాండ్ వస్తే ఆరోటౌన్‌లో రెండు రోజులు ఉండండి, ఏటి పక్క గుడిసెలు చూడండి, గ్లెనోర్‌లో ఒక్క నిమిషం ఆగండి. రాలేకపోయినా ఫరవాలేదు. మీ కుటుంబంలో కోలారులోనో, ఫిజీ చెరకుతోటల్లోనో, బర్మా రేవుల్లోనో పనిచేసినవారు ఉంటే, వారి పేరు, ఊరు, వెళ్ళిన సంవత్సరం ఒక కాగితం మీద రాసిపెట్టండి. అడిగి తెలుసుకోవడానికి ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నప్పుడే ఆ పని చేయండి.