హెడ్మిస్ట్రెస్ తెచ్చిన గింజలు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లో వీచ్ నర్సరీ అంటే మాటలు కాదు. కొత్త మొక్కల కోసం దేశదేశాలకు మనుషుల్ని పంపే సంస్థ అది. 1899లో ఎర్నెస్ట్ విల్సన్ అనే కుర్రాణ్ని చైనా పంపింది. యాంగ్ట్సీ నది ఒడ్డున ఇచాంగ్ రేవు అతని మకాం. ఆ చుట్టుపక్కల కొండల్లో చెట్ల మీదికి ఎగబాకే ఒక అడవి తీగ అతని కంట పడింది. పేరుకే తీగ, ముదిరితే కాండం చేవదేరి మానుకడుతుంది. కాయ నిండా గోధుమరంగు నూగు, లోపల పచ్చటి గుజ్జు. మనం కివీ అంటున్నది దాన్నే.

విల్సన్ పంపిన గింజలతో వీచ్ వాళ్లు మొక్కలు పెంచి అమ్మారు. అవి ఏపుగా పెరిగాయి, పూశాయి. కాయ మాత్రం పడలేదు. అన్నీ మగ మొక్కలే మరి! మన పోతుతాడు లాంటి వ్యవహారమే: ఈ జాతిలో ఆడ, మగ వేరువేరు తీగలు, పూత పూసేదాకా ఏది ఏదో తేలదు. పూశాక కూడా మోసమే. ఆడ పువ్వులోనూ కేసరాలుంటాయి, పుప్పొడి రాలుతుంది. కానీ అది గొడ్డు పుప్పొడి. పువ్వు నడుమ తెల్లటి కీలాగ్రాలు బండిచక్రం ఆకుల్లా విచ్చుకుని ఉంటేనే ఆడది.

అంత పెద్ద నర్సరీకి కుదరనిది ఒక పంతులమ్మకు కుదిరింది. న్యూజిలాండ్‌లో వాంగనూయీ బాలికల కళాశాల హెడ్మిస్ట్రెస్ ఇసబెల్ ఫ్రేజర్ 1903లో ఇచాంగ్ మిషన్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లారు. 1904లో తిరిగొస్తూ కాసిని గింజలు తెచ్చారు. అవి చేతులు మారి అలెగ్జాండర్ అలిసన్ అనే ఆయన తోటకు చేరాయి. 1910లో కాశాయి. ఆక్లండ్ నర్సరీదారు హేవర్డ్ రైట్ ఆ సంతతి నుంచే పెద్దకాయ రకాన్ని ఎంచి నిలబెట్టాడు. కోసిన తర్వాత నెలల తరబడి నిల్వ ఉండటం దాని గొప్పతనం. ఓడలెక్కి సముద్రాలు దాటిందీ ఆ గుణంతోనే. అమెరికా బేరం కోసం 1959లో కివీ అన్న పేరు తగిలించారు.

నేడు ప్రపంచంలో పండే పచ్చ కివీల్లో అత్యధికం ఆ హేవర్డ్ రకమే. మన దేశంలో హిమాచల్, అరుణాచల్ కొండల్లో పండిస్తున్నారు. హైదరాబాద్, విజయవాడ బజార్లలో డెంగీ రోజులొస్తే దీని ధర చుక్కలంటుతుంది. ప్లేట్‌లెట్లు పెంచుతుందన్న నమ్మకమే తప్ప, డెంగీకి ఇది మందని తేల్చిన వారు లేరు. సి విటమిన్ కోసమే అయితే జామకాయ కొనుక్కోండి. అందులో కివీ కన్నా ఎక్కువే ఉంటుంది.