బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎత్తైన పబ్: టాన్ హిల్ ఇన్ కథ

ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పిన విషయాలే, వినడానికి తీరిక దొరకని వాళ్లకోసం ఇక్కడ రాస్తున్నాను. షిఫ్టు మధ్యలో టీ తాగుతూ చదివేయొచ్చు.

పబ్ గురించి మనకెందుకని కొందరికి అనిపించొచ్చు. నేను మందు తాగను. అయినా ఈ దేశంలో కష్టజీవుల చరిత్ర తెలుసుకోవాలంటే పబ్ గడప దాటక తప్పదు అనుకుంటాను.

టాన్ హిల్ ఇన్ ఉత్తర ఇంగ్లండ్‌లో, నార్త్ యార్క్‌షైర్‌లోని స్వేల్‌డేల్ లోయకు పైన ఉంది. ఎత్తు సముద్రమట్టానికి 1,732 అడుగులు. బ్రిటన్‌లో ఇంతకన్నా ఎత్తులో ఇంకో పబ్ లేదు. దగ్గరి ఊరు కెల్డ్, అదీ నాలుగు మైళ్ల దూరం. చుట్టూ గడ్డి, తడి నేల, గొర్రెలు, ఆగకుండా వీచే గాలి.

మరి ఇంత ఎత్తున ఎవరికోసం కట్టారు? బొగ్గు తవ్వేవాళ్ల కోసం. ఈ కొండల్లో మధ్యయుగాల నుంచే బొగ్గు తీసేవారు. 17వ శతాబ్దం నాటికి ఇక్కడ సత్రం లాంటిది వెలిసింది. గనిలో పని చేసేవాళ్లు, గుర్రాల మీద సరుకు మోసేవాళ్లు, పశువులను సంతకు తోలుకెళ్లేవాళ్లు ఆగేది ఇక్కడే. చలి కాచుకోవడానికి మంట, తినడానికి ఏదో ఒకటి, నలుగురితో మాట.

జీతం, గ్లాసు

ఇక్కడ ఒక సంగతి మనం తప్పక తెలుసుకోవాలి. ఇది టాన్ హిల్ ఒక్కదాని విషయం కాదు, దేశమంతటి గనులది. ఆ రోజుల్లో చాలాచోట్ల గని కార్మికులకు కూలి డబ్బులు పబ్‌లోనే పంచేవారు. చిల్లర కోసం కాచుకుని కూర్చోవాలి, కూర్చుంటే తాగాలి. ఇంటికి చేరేది మిగిలిందే. అందుకే 1842లో తెచ్చిన గనుల చట్టం మద్యం అమ్మేచోట జీతాలు ఇవ్వకూడదంది. ఆడవాళ్లను, పదేళ్లలోపు మగపిల్లలను గనిలోకి దించకూడదన్నదీ ఆ చట్టమే. 1883లో ఇంకో చట్టం వచ్చి మిగతా పనివాళ్లకు కూడా ఈ రక్షణ ఇచ్చింది.

ఇది చదువుతుంటే నాకు నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తొచ్చింది. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా మీద తిరగబడింది కూడా మగవాళ్ల కూలి ఇల్లు చేరడం లేదనే. దేశం వేరు, కాలం వేరు, బాధ ఒకటే. ఇంటికి డబ్బు పంపడానికే సముద్రం దాటి వచ్చినవాళ్లం, మనకు వేరే చెప్పాలా?

గని మూతపడ్డాక

టాన్ హిల్ గని 1929లో మూతపడింది. పక్కనున్న కార్మికుల ఇళ్లు పోయాయి. పబ్ ఒక్కటే మిగిలింది. గొర్రెల కాపరులు దాన్ని వదల్లేదు. స్వేల్‌డేల్ జాతి గొర్రెల పోటీ ఇప్పటికీ మే నెలలో ఇక్కడే జరుగుతుంది. 1965లో పెన్నైన్ వే అనే 268 మైళ్ల కాలిబాట తెరిచారు. అది సరిగ్గా ఈ గుమ్మం ముందు నుంచే పోతుంది. అప్పటినుంచి నడిచేవాళ్లు కూడా దీన్ని నిలబెట్టారు.

2021 నవంబరులో ఆర్వెన్ తుఫాను వచ్చినప్పుడు, పాటల కార్యక్రమానికి వచ్చిన 61 మంది మంచులో చిక్కుకుని మూడు రాత్రులు ఇక్కడే ఉండిపోయారు. క్విజ్‌లు, పాటలు, సినిమాలతో గడిపేశారు. మొదట్లో ఈ సత్రం దేనికోసం పుట్టిందో ఆ మూడు రోజులూ మళ్లీ అదే పని చేసింది.

మీరు వెళ్తే

పడుకోవడానికి గదులున్నాయి, టెంటు వేసుకోవచ్చు, వేడి భోజనం దొరుకుతుంది, కొన్ని రాత్రులు సంగీతం ఉంటుంది. కారు ఉంటేనే సులువు. చలికాలంలో బయల్దేరే ముందు రోడ్డు తెరిచి ఉందో లేదో కనుక్కోండి. జాకెట్ ఎండాకాలంలో కూడా పట్టుకెళ్లండి.

పబ్‌కు ఎప్పుడూ వెళ్లనివాళ్లకు ఒక మాట. మామూలుగా టేబుల్ దగ్గరికి ఎవరూ రారు, మనమే కౌంటర్ దగ్గరికెళ్లి చెప్పి డబ్బు కట్టాలి. టీ, కాఫీ, నిమ్మరసం కలిపిన సోడా అడిగినా ఎవరూ వింతగా చూడరు. స్నేహితులతో వెళ్తే వంతులవారీగా ఒక్కొక్కరు అందరికీ కొనడం ఇక్కడి పద్ధతి. మీరు తాగేది సోడా అయినా మీ వంతు మర్చిపోకండి.

మీరుండే ఊళ్లోనూ పాత పబ్ ఒకటి ఉండే ఉంటుంది. దాని పేరు వెనక ఏ పనివాళ్లున్నారో అడిగి చూడండి, మాకు రాయండి. వచ్చే వారం కలుద్దాం.