వీధికి మిగిలిన పేరు

హైదరాబాదు అంగళ్ల పాఠం చెప్పేముందు పిల్లలను అడుగుతాను: అబిడ్స్ అంటే ఏమిటి? ఆరో నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ అక్కడ దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, పేరు మిగిలింది.

1908 మూసీ వరద తరువాత నగరాన్ని తిరిగి కట్టినప్పుడు పత్తర్‌గట్టిలో రాతి కమానుల దుకాణాలు లేచాయి. 1935లో ఏడో నిజాం కొడుకు పేరుతో మొజంజాహి మార్కెట్ వచ్చింది. పెళ్లిబట్టలకైనా పుస్తకాలకైనా జనం కోఠి, సుల్తాన్ బజార్, అబిడ్స్‌కే వెళ్లేవారు. తరువాత ఇళ్లు ఊరి చివరికి జరిగాయి. అంగళ్లూ వాటి వెంటే అమీర్‌పేట, కూకట్‌పల్లి దాటి మా బహదూర్‌పల్లి దాకా వచ్చాయి. అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు మాత్రం ఇప్పటికీ ఫుట్‌పాత్ మీదే అమ్ముతారు.

ఆ అంగళ్లకు అడవి సరుకూ వచ్చేది. మన పెద్దలు ఏరిన చింతపండు, తేనె, జిగురు సంతలో షావుకారు చెప్పిన ధరకే పోయేవి. ఆ దోపిడీని ఆపడానికే నేటి గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది.

వీధికి అమ్మినవాడి పేరో, రాజకుమారుడి పేరో మిగిలింది. ఏరినవారి పేరు మిగలలేదు. అందుకే మీ ఊరి సంతకు ఎవరు ఏం తెచ్చేవారో, దానికి ఏం దక్కేదో పెద్దలను అడిగి రాసిపెట్టండి. అదీ చరిత్రే.