అటక మీది బేతాళుడు

ఆశ్వయుజం వెళ్ళి కార్తీకం వచ్చే రోజులివి. మన నెల్లూరు జిల్లాకు గట్టి వానలు ఇప్పుడే గదా! తుపాను కబురు వినపడితే చాలు, చేజర్లలో కరెంటు పోవడం, ఇంటిల్లిపాదీ ఒక్క దీపం చుట్టూ చేరడం మామూలే. (చేజర్ల అనగానే పల్నాటి కపోతేశ్వరాలయం అనుకునేరు, నేను చెప్పేది ఆత్మకూరు వైపు చేజర్ల.) సరిగ్గా ఈ రోజుల్లోనే, అక్టోబరు 31 రాత్రి, అమెరికాలో పిల్లలు దయ్యాల వేషాలు కట్టి ఇంటింటికీ వెళ్ళి మిఠాయిలు అడుగుతారు. దాన్ని హాలోవీన్ అంటారు. అక్కడి పెద్దవాళ్ళు చిన్నప్పటి భయం కథల పుస్తకాలు వెతికి తీసి, మళ్ళీ చదువుకుంటారట. మరి మన దయ్యాలెక్కడున్నాయమ్మా అంటే, అటక మీద, చందమామ కట్టల్లో వున్నాయి.

బేతాళుడు నిన్నమొన్నటి వాడు కాడు. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో అతని కథలు పాతిక వున్నాయి. అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు, వుండేది మన గోదావరి ఒడ్డునే, ప్రతిష్ఠానంలో. ఒక భిక్షువు రోజూ ఒక పండు తెచ్చి ఇస్తుంటాడు. ఒకనాడు కోతి ఆ పండు కొరికితే లోపల రత్నం! ఆ రుణం తీర్చడానికే రాజు శ్మశానంలో శవాన్ని మోస్తాడు. నోరు విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది, తెలిసీ విప్పకపోతే తల పగులుతుంది. ఎటూ చిక్కే.

ప్రశ్నలడిగే దయ్యం మన నెల్లూరికీ కొత్త కాదు. 13వ శతాబ్దంలో కేతన, దండి సంస్కృత కథను దశకుమార చరిత్రగా తెనిగించి తిక్కన గారికి అంకితమిచ్చాడు. ఆ కథలో మిత్రగుప్తుడనే వాణ్ణి బ్రహ్మరాక్షసుడు పట్టుకుని నాలుగు ప్రశ్నలు వేస్తాడు. క్రూరమైనదేది అంటే, ఆడదాని మనసు అని జవాబిస్తాడీ మహానుభావుడు! ఇప్పుడు మన ఆడపిల్లల ముందు ఆ మాట అంటే ఊరుకుంటారా? కానీ రెండో జవాబుకు చెప్పిన గోమిని కథ మాత్రం నాకు మహా ఇష్టం. కాసిని వడ్లు చేతికిస్తే, దంచి, పొట్టును నగలు మెరుగుపెట్టే కంసాలులకు అమ్మించి, ఆ డబ్బుతో కట్టెలూ కుండా కొనిపించి, వండాక మిగిలిన బొగ్గులమ్మి నెయ్యీ పెరుగూ తెప్పించి, వచ్చినవాడికి విందు భోజనం పెడుతుందా పిల్ల. దయ్యానికి చెప్పిన కథలో ఇంత వంటింటి లెక్క వుంది చూశారా!

1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు చందమామ మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారు మార్క్సిస్టు. ఆయన చేతిమీదుగానే బేతాళుడు ఇంటింటికీ వచ్చాడు. పాత కథలు పాతికా అయిపోయినా పత్రిక అతన్ని వదల్లేదు, కొత్తవి వందలకొద్దీ చెప్పించింది. కత్తి పట్టిన రాజు, భుజాన వేలాడే శవం, ఆ బొమ్మ వేసిన శంకర్ గారు 2020లో, 96 ఏళ్ళ వయసులో పోయారు. పత్రిక అచ్చు అంతకు ముందే, 2013 నాటికే ఆగిపోయింది. ఇక దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం! 1514లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర గెల్చుకున్న ఉదయగిరి కోట మనకు కూతవేటులో వుంది. ఆ పాడుబడ్డ గోడలు చూసిన పిల్లలకు పాతాళదుర్గం ఎక్కడని వేరే చెప్పాలా?

పిల్లలు జడుసుకుంటారని ఈ పుస్తకాలు దాచే తల్లులున్నారు. అన్నం తినకపోతే బూచాడొస్తాడని మాత్రం రోజూ చెబుతాం! ఆ బూచాడికి కథా లేదు, ముగింపూ లేదు. చీకట్లో నిలబడే వుంటాడు. బేతాళుడైతే కథ చెబుతాడు, మన అభిప్రాయం అడుగుతాడు. అందుకే కట్టలు కిలోల్లెక్కన పాతకాగితాలవాడికి వేసేముందు ఒక్క రాత్రి పైకి చదవండి. ప్రశ్న రాగానే పుస్తకం మూసి, పిల్లల్ని చెప్పమనండి. రాజు జవాబు తర్వాత చదవొచ్చు.

మచ్చుకు చివరి కథ అడగండి. తండ్రీ కొడుకులు దారిలో రెండు ఆడవాళ్ళ అడుగుజాడలు చూసి, పెద్దపాదాలామెను తండ్రీ, చిన్నపాదాలామెను కొడుకూ పెళ్ళాడాలనుకున్నారు. తీరా చూస్తే వాళ్ళు తల్లీకూతుళ్ళు, పెద్దపాదాలు కూతురివి! మాట ప్రకారం పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలూ పుట్టారు. ఆ పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? రాజు నోరు మెదపలేకపోయింది ఈ ఒక్కదానికే. వావివరసలు లెక్కగట్టడంలో మన అత్తయ్యల్ని మించినవాళ్ళెవరు? వాళ్ళనే అడిగి చూడండి.