ఒక కత్రా ఖూన్, ఇరవై నిమిషాలు

మన ముల్క్‌లో హెచ్‌ఐవీ తారీఖ్ ఓ ఇంటి ఫ్రిజ్‌తో మొదలైంది. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీ విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల, ప్రొఫెసర్ సునీతి సాల్మన్ చెప్పిన మీదట, సెక్స్‌వర్కర్ల ఖూన్ నమూనాలు తీసి ఇంట్లోనే ఫ్రిజ్‌లో పెట్టారు. మద్రాసులో ఎలైసా పరీక్షకు ఇంతెజామ్ లేదు. రాత్రి రైలెక్కి వేలూరు సీఎంసీకి మోసుకెళ్లారు. ఆరు పాజిటివ్! షక్ తీరడానికి మళ్లీ తీసి అమెరికా దాకా పంపారు.

ఈ కథలో నాకు రైలు ప్రయాణం కన్నా ఇంతెజారే బరువుగా తోస్తుంది. ఎలైసా అంటే ల్యాబు, మెషీన్, రోజుల గడువు. నతీజాకు మళ్లీ రమ్మంటే షరమ్‌తో, ఖౌఫ్‌తో రానివాళ్లెందరో. అమెరికాలోనూ అదే హాల్. 2002లో అక్కడ ఓరాక్విక్‌కు మంజూరీ దొరికింది. వేలి కొస నుంచి ఒక కత్రా, ఇరవై నిమిషాలు. మరీజ్ కుర్చీలోంచి లేవకముందే జవాబు.

హెపటైటిస్ సి సంగతి వేరు. 1989 దాకా దానికి పేరే లేదు, ‘ఏ కాదు, బీ కాదు’ అనేవారు డాక్టర్లు. 2010లో దానికీ ర్యాపిడ్ కిట్ మంజూరైంది. కానీ ఆ గీత యాంటీబాడీకి నిషానీ మాత్రమే. వైరస్ దానంతటదే పోయినవాళ్లకూ, ఇలాజ్‌తో నయమైనవాళ్లకూ పడుతుంది. ఇప్పుడు ఒంట్లో ఉందా లేదా అన్నది ఆర్‌ఎన్‌ఏ పరీక్షే తేల్చాలి. ఈ తేడా తెలియకుండా గీత చూసి రిష్తా తెంచుకోవడం జుల్మ్ అంటాను నేను.

హెచ్‌ఐవీకైతే మన సర్కారీ ఐసీటీసీల్లో ఒక కిట్ పాజిటివ్ చూపితే, వేరే కిట్లతో మళ్లీ చూశాకే చెబుతారు. పరీక్ష ముఫ్త్.